బర్న్ అవుట్ అంటే కాలిపోవడమేనా? మోటరుకు, మంటకు, మనిషికి ఒకే మాటా?

దేవరకొండ టీచర్

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెబుతాను. పోయిన వారం పదో తరగతి పిల్లలకు మూడు ఇంగ్లిషు వాక్యాలిచ్చి తెలుగులో రాయమన్నాను. మూడింటిలోనూ బర్న్ అవుట్ ఉంది. మొదటిదాంట్లో బోరు మోటరు బర్న్ అవుట్ అయింది. రెండోదాంట్లో అడవిలో రేగిన మంట రెండు రోజుల తర్వాత తనను తాను బర్న్ అవుట్ చేసుకుంది. మూడోదాంట్లో పదేళ్ళు రాత్రింబగళ్ళు పనిచేసిన ఒక డాక్టరు బర్న్ అవుట్ అయ్యాడు.

మొదటి వాక్యాన్ని అందరూ "మోటరు కాలిపోయింది" అని చక్కగా రాశారు. ఇళ్ళలో ఏటా వినే మాటే కదా. రెండోదానికి సగం మంది "మంట తనను తాను కాల్చుకుంది" అన్నారు. మూడోదానికి ఒక అమ్మాయి "డాక్టరు కాలి చనిపోయాడు" అని రాసి, పక్కన "పాపం" అని కూడా చేర్చింది. ఎర్రసిరాతో కొట్టేయబోయి ఆగిపోయాను. బర్న్ అంటే కాలడం అని నేర్పాము, అవుట్ అంటే బయట అని నేర్పాము. ఆ రెండు ముక్కలతో ఆ పిల్ల అంతకంటే ఏం చేయగలదు?

పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. అవుట్, డౌన్, అప్, ఆఫ్, త్రూ అనే ఈ చిన్న మాటలు బర్న్ పక్కన చేరి ఏం పని చేస్తున్నాయో పిల్లలకు కళ్ళకు కట్టాలి. ఇక్కడ రకరకాల పనులు చేసేవారున్నారు కనుక అడుగుతున్నాను. మీమీ పనుల్లో దేన్ని కాలిందంటారు, దేన్ని మాడిందంటారు, దేన్ని ఆరిందంటారు?

అచ్చంపేట వైండింగ్

మేడమ్, నేను ఇరవై రెండేళ్ళుగా మోటర్లు రీవైండింగ్ చేస్తున్నాను. నా ఇంగ్లిషు అంతంతమాత్రమే గానీ మోటరు ఎలా కాలుతుందో చెప్పగలను.

మొదటి సంగతి, మోటరు కాలినప్పుడు మంట రాదు. రైతు ట్రాక్టరులో తెచ్చి దించినప్పుడు పైన చూస్తే ఏ లోపమూ కనిపించదు. బాడీ బాగుంటుంది, షాఫ్టు బాగుంటుంది, చాలాసార్లు బేరింగులు కూడా బాగుంటాయి. విప్పితే ముందు వాసన వస్తుంది. ఒడ్డున పెట్టే మోటరైతే రాగి తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది, బోరులోకి దించే మోటరైతే తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మాడేది ఆ పూత, ఆ తొడుగు. అవి మాడగానే తీగకు తీగ తగిలి షార్టు అవుతుంది, అంతటితో మోటరు తిరగదు.

ఎందుకు మాడిందో చుట్లను చూస్తే తెలిసిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటరు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, మిగిలిన రెండు ఫేజులు మోయలేని కరెంటును మోస్తాయి. స్టార్ కనెక్షన్ మోటరైతే, అంటే మూడు ఫేజుల చుట్ల కొసలను ఒకేచోట కలిపినదైతే, అప్పుడు రెండు ఫేజుల చుట్లు బొగ్గులా నల్లబడి, మూడోది కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. బరువు ఎక్కువై కాలిన మోటరులో మూడూ ఒకేలా నల్లబడతాయి. మొదటి రకానికి నివారణ ఉంది. ఫేజు పోగానే మోటరును ఆపే పరికరం స్టార్టరు పెట్టెలో పెట్టించుకోవచ్చు. యాసంగిలో నా దుకాణం ముందు వరుసగా దింపిన మోటర్లు చూసినప్పుడల్లా ఈ మాట ప్రతి రైతుకూ చెబుతాను.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అవుట్ అంటే మోటరు బూడిదైందని కాదు, పని చేసే గుణం పోయిందని. పాత తీగ తీసి కొత్త తీగ చుడితే అదే మోటరు మళ్ళీ నీళ్ళు పోస్తుంది.

వనపర్తి అభ్యర్థి

అన్న చెప్పింది చదివాక బల్బు గుర్తొచ్చింది. పాత ఫిలమెంటు బల్బు పోయినా బర్న్ అవుట్ అనే అంటారు. దాని గాజు బుడ్డిలో ఆక్సిజన్ ఉండదు, ఆర్గాన్ లాంటి వాయువు నింపుతారు. కనుక అందులో అసలు ఏదీ మండదు. టంగ్‌స్టన్ తీగ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై, సన్నబడి, ఒకనాడు తెగిపోతుంది. మన ఇళ్ళలో మాత్రం బల్బు మాడిపోయిందంటాము.

రాకెట్ల సంగతి ఇంకా చిత్రం. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు ప్రసారంలో మొదటి దశ బర్న్ అవుట్ అన్న మాట వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఏదో ప్రమాదం జరిగిందని భయపడ్డాను. ఆ దశలో నింపిన ఘన ఇంధనం మొత్తం మండి అయిపోయిందని, అనుకున్న పని అనుకున్నట్లే ముగిసిందని దాని అర్థం.

నాకూ ఒక సందేహం ఉంది. అభ్యాస ప్రశ్నపత్రంలో ఇల్లు కాలిపోయిందనడానికి బర్న్ అప్, బర్న్ డౌన్ రెండూ ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. పైకి, కిందికి రెండూ కాలడమే ఎలా అవుతాయి?

నల్లగొండ పెద్ద మాస్టారు

వనపర్తి బాబూ, ఇల్లయితే డౌన్.

నిలబడి ఉన్నది కాలి నేలమట్టమైతే డౌన్ అంటారు. ఇల్లు, పశువుల కొట్టం, గడ్డివాము, పత్తి మిల్లు, ఇవన్నీ డౌన్. 1666 సెప్టెంబరులో లండన్ తగలబడినప్పుడు పదమూడు వేలకు పైగా ఇళ్ళు, పాత సెయింట్ పాల్స్ చర్చి కాలిపోయాయి. ఆ ఇళ్ళన్నీ బర్న్ డౌన్ అయినవే. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి తగలబడింది. పైకప్పు పోయింది, శిఖరం కూలింది, అయినా రాతిగోడలు, ముందున్న రెండు గోపురాలు నిలిచాయి. దాన్ని బర్న్ డౌన్ అయిందంటే తప్పు.

అదే డౌన్ కొవ్వొత్తికీ వస్తుంది, పొయ్యిలో మంటకూ వస్తుంది. కొవ్వొత్తి కాలుతూ పొట్టిదవుతుంది. మంట ఎత్తు తగ్గి ఎర్రటి నిప్పులు మిగులుతాయి. ఎక్కడ వాడినా ఎత్తు తగ్గడమే దాని సారం. అది గుర్తుంటే బట్టీ అవసరం లేదు.

అప్ అంటే పైకి అనుకోవడం వల్లే చిక్కంతా వస్తోంది. ఇక్కడ అప్ అంటే పూర్తిగా, ఏమీ మిగలకుండా అని. ఈట్ అప్ అంటే కంచంలో మెతుకు మిగల్చకుండా తినడం, యూజ్ అప్ అంటే ఉన్నదంతా వాడేయడం. మనకు దీనికి హారతి కర్పూరాన్ని మించిన పోలిక లేదు. పళ్ళెంలో బూడిద కూడా మిగలదు. ఆకాశం నుంచి రాలే ఉల్కలు ఎక్కువగా నేలను చేరకముందే బర్న్ అప్ అవుతాయి.

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి పడుతుందన్న రోజులు నాకు బాగా జ్ఞాపకం. అప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. మా ఊళ్ళో కోళ్ళు కోసుకొని తిన్నారు, అప్పులు వసూలు చేసుకోవడం మానుకున్నారు, రాత్రిళ్ళు అందరూ ఆరుబయటే కూర్చున్నారు. మా సైన్సు సారు రేడియో విని వచ్చి, చాలావరకు గాలిలోనే కాలిపోతుందని ధైర్యం చెప్పేవారు. జులై 11న అది కూలింది. ఆయన చెప్పినట్లే చాలావరకు కాలింది, కాలని ముక్కలు పడమటి ఆస్ట్రేలియాలో పడ్డాయి. పూర్తిగా బర్న్ అప్ కావడం వేరు, కొంత మిగలడం వేరు అని నేను నేర్చుకున్నది ఆ వారమే. తర్వాత ముప్పై ఏళ్ళు తరగతిలో అప్‌కు ఆ ఉదాహరణే చెప్పాను.

ఒక హెచ్చరిక కూడా వినండి. "దాన్ని తగలబెట్టు" అనాలంటే ఇట్ అన్న మాట మధ్యలో రావాలి. బర్న్ ఇట్ డౌన్ అనాలి, బర్న్ డౌన్ ఇట్ అనకూడదు. ఇల్లు అనే నామవాచకమైతే మధ్యలోనైనా చివరనైనా పెట్టవచ్చు. పరీక్షల్లో ఎక్కువగా పోయే మార్కు ఇదే.

సూర్యాపేట స్టీరింగ్

ఆఫ్ గురించి నాకు తెలిసింది చెబుతాను. విజయవాడ రహదారి మీద లారీ నడుపుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో చిట్యాల, నార్కట్‌పల్లి దాటేదాకా తెల్లవారుజామున ముందున్న బండి కనిపించదు. ఎండ ఎక్కాక ఆ పొగమంచు పోవడాన్ని ఇంగ్లిషులో బర్న్ ఆఫ్ అంటారని మా అబ్బాయి చెప్పాడు. మనం మంచు విడిపోయిందంటాము. కాలడమన్న ఊసే లేదు.

అమ్రాబాద్ మాజీ వాచర్

మేడమ్ ఇచ్చిన రెండో వాక్యం మా అడవి వాక్యం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చాలా ఏళ్ళు పనిచేశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి నేల మీద ఎండుటాకులు మందంగా పరుచుకుంటాయి. ఒక బీడీ ముక్క చాలు. ఇక్కడ మంట ఎక్కువగా చెట్ల కొమ్మలకు ఎక్కదు, నేల మీది ఆకును తింటూ పాకుతుంది. వేసవికి ముందే ఫైర్ లైన్లు తీస్తాము. అంటే వెడల్పైన బాటలా ఆకు, గడ్డి లేకుండా నేలను శుభ్రం చేయడం. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ లేక ఆగుతుంది. ఎండిన వాగు అడ్డం వచ్చినా అంతే, ఇసుకలో కాలడానికి ఏముంటుంది?

మేము పచ్చి కొమ్మలతో బాది, గాలి యంత్రాలతో ఆకును వెనక్కి నెట్టి ఆర్పితే దాన్ని పుట్ అవుట్ అంటారట. ఎవరూ చేయి వేయకుండా ఆకు అయిపోయి మంట దానంతటదే చల్లారితే అది బర్న్ అవుట్. పిల్లలు రాసిన "తనను తాను కాల్చుకుంది"లో తప్పెక్కడుందంటే, మంట కాల్చేది తనను కాదు, తన తిండిని. తిండి అయిపోతే ఆరిపోతుంది. "మంట దానంతటదే ఆరిపోయింది" అని రాయించండి.

పొలంలో వరి కొయ్యలు కాల్చడం గురించీ ఒక మాట. పొలం మీద ఉన్న చెత్తను మంట పెట్టి తీసేయడం కనుక ఇంగ్లిషులో అదీ బర్న్ ఆఫ్ కిందికే వస్తుంది. మాటగా నేర్పండి, పనిగా వద్దని కూడా చెప్పండి. అడవి అంచు పొలాల్లో పెట్టిన నిప్పు గాలి తిరిగితే అడవిలోకి వస్తుంది. ఆర్పడానికి పరుగెత్తిన రాత్రులు నాకు ఇంకా మరుపు రాలేదు.

పాలమూరు నర్సు

ఇంతవరకు ఎవరూ మూడో వాక్యం ముట్టుకోలేదు. నేను ఈ చర్చలోకి వచ్చింది దాని కోసమే.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రిలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. కొంతకాలం కిందట మా సిబ్బంది కోసం ఒక కరపత్రం తెలుగులోకి మార్చే పని నాకు ఇచ్చారు. విషయం బర్న్ అవుట్. నేను "కాలిపోవడం" అని రాశాను. మా వార్డు ఆయమ్మ చదివి, "అమ్మా, ఇది కాలిన గాయాల వార్డుకు కదా, మనకెందుకు ఇచ్చారు?" అంది. ఆ మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. కాలిన ఒళ్ళు చూసిన మనిషికి కాలడం పోలిక కాదు, నిజం. దేవరకొండ మేడమ్, మీ అమ్మాయి "పాపం" అని రాయడం నాకు పూర్తిగా అర్థమైంది.

ఈ మాట వైద్యంలోకి వచ్చిన తీరు తెలుసుకున్నాను. న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో తోటి సిబ్బంది స్థితిని ఈ మాటతో వివరించాడు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో దీనికి చోటిస్తూ, ఇది రోగం కాదు, పనికి సంబంధించిన పరిస్థితి అని స్పష్టంగా చెప్పింది. అందులో మూడు లక్షణాలున్నాయి. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం ఒకటి. పని మీద మనసు విరిగి దూరం కావడం మరొకటి. చేస్తున్న పనిలో ఫలితం లేదనిపించడం మూడోది.

మామూలు అలసట నిద్రపోతే తీరుతుంది. ఇది తీరదు. సెలవు పెట్టి వచ్చినా, ఆసుపత్రి గేటు చూడగానే కాళ్ళు బరువెక్కుతాయి. రోగి పేరు గుర్తుండదు, మంచం నంబరే గుర్తుంటుంది. 2021 వేసవి తర్వాత నాకు అలా కొన్ని నెలలు గడిచాయి. అది నాకు జరిగింది కనుకే ఈ మాట సరిగ్గా ఉండాలని ఇంత పట్టుబడుతున్నాను. పేరు తప్పైతే మనిషి తన బాధను అందులో గుర్తుపట్టలేదు.

అచ్చంపేట అన్నయ్య రాసింది నేను మూడుసార్లు చదివాను. బయట బాడీ బాగుంటుంది, లోపల చుట్లు నల్లబడతాయి. ఫేజు పోయినా మోటరు ఆగదు, మిగిలిన రెండూ మోస్తాయి. మా వార్డులో ముగ్గురు చేయాల్సిన డ్యూటీ ఇద్దరు చేసిన నెలలు నాకు తెలుసు.

కరపత్రంలో చివరకు "కొడిగట్టడం" అని రాద్దామనుకుంటున్నాను. దీపం వత్తి చివర నల్లగా కట్టే మసిని కొడి అంటాము కదా. నూనె ఉన్నా వెలుగు మందగిస్తుంది. కొడి దులిపి వత్తి ఎగదోస్తే దీపం మళ్ళీ నిలబడుతుంది. మీరేమంటారు?

నల్లగొండ పెద్ద మాస్టారు

నర్సమ్మా, పోలిక ఎంతో అందంగా ఉంది. అయినా కరపత్రంలో వద్దంటాను.

తెలుగువాడికి కొడిగట్టిన దీపం అనగానే ఆఖరి ఘడియల్లో ఉన్న ముసలి ప్రాణం తలపుకు వస్తుంది. మీరు చెప్పిన కొడి దులపడం, వత్తి ఎగదోయడం ప్రమిద వెలిగించే చేతులకే తెలుసు. ట్యూబులైటు కింద పెరిగిన పిల్లకు తెలియదు. మనకు దీపం విషయంలో ఉన్న పట్టింపు కూడా చూడండి. ఆరిపోయిందనడానికి నోరు రాక, కొండెక్కిందంటాము. అంత భయం ఉన్న చోట ఆ పోలికతో ధైర్యం చెప్పడం కష్టం.

నా మటుకు "వేసారిపోవడం" నచ్చింది. విసిగి వేసారి అని జంటగా వాడి వాడి మనం ఆ రెండో మాట బరువు మరిచిపోయాము. విసుగు గంటలో పోతుంది. వేసారడానికి ఏళ్ళు పడుతుంది.

పాలమూరు నర్సు

మాస్టారూ, మీరన్న భయం నిజమే. వేసారిపోవడంలో పని మీద మనసు విరగడం చక్కగా వచ్చింది. సత్తువ పోవడం మాత్రం రాలేదు. "పనిలో సత్తువ ఉడిగి వేసారిపోవడం" అని పొడుగ్గానే రాస్తాను. ఒక్క మాటే ఉండాలన్న నియమం ఏముంది? చదివే ఆయమ్మకు అర్థం కావాలి.

అచ్చంపేట వైండింగ్

నర్సమ్మా, మీరు నా మోటరు మాటను మనుషులకు కలిపింది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఒక్కటి చేర్చాలి. కాలిన మోటరుకు వైండింగ్ చేసి, ఫేజు సంగతి చూసుకోకుండా అదే స్టార్టరుకు తగిలిస్తే నెల తిరక్కుండా మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. కరపత్రంలో ఇది కూడా రాయండి. మనిషికి సెలవిచ్చి, వెనక్కి వచ్చాక మళ్ళీ ఇద్దరితోనే ముగ్గురి పని చేయిస్తే అంతే కదా.

వనపర్తి అభ్యర్థి

మరి త్రూ? డబ్బు విషయంలో చూశాను. హైదరాబాద్‌లో కోచింగు కోసం ఇంటి నుంచి ఏడాదికని తెచ్చుకున్న డబ్బు ఏడు నెలల్లో అయిపోయింది. దాన్ని బర్న్ త్రూ అనవచ్చా?

నల్లగొండ పెద్ద మాస్టారు

అనవచ్చు. ఉన్నదాన్ని వేగంగా ఖర్చు చేసి చివరికి రావడమే దాని అర్థం. దీనికీ మనకు కర్పూరమే దిక్కు. ఆస్తి హారతి కర్పూరంలా హరించుకుపోయిందంటాము. బాబూ, చదువు కోసం పెట్టిన డబ్బుకు మాత్రం ఆ మాట వాడకు.

దేవరకొండ టీచర్

ఈ రోజు తరగతిలో మీరందరూ చెప్పినవి తీసుకెళ్ళాను. నల్లబల్ల మీద ఇంగ్లిషు మాటలు ముందుగా రాయలేదు. "కాలిన తర్వాత ఏం మిగిలింది?" అని మాత్రం అడిగాను. గడ్డివాము కాలితే ఏం మిగిలింది? నేల మీద బూడిద. అయితే డౌన్. కర్పూరం? ఏమీ మిగల్లేదు. అయితే అప్. మోటరు? మోటరు మిగిలింది గానీ తిరగదు. అయితే అవుట్. పొగమంచు పోతే? రోడ్డు మిగిలింది. అయితే ఆఫ్. వెనక బెంచీ పిల్లలు కూడా చేతులెత్తారు. వాళ్ళ నాన్నలు మోటర్లు మోసుకెళ్ళిన కథలు చెప్పడానికే పావుగంట పట్టింది, ఆపబుద్ధి కాలేదు.

పలకడంలో ఒక తేడా కూడా చెప్పాను. క్రియగా వాడినప్పుడు రెండు మాటలు విడిగా రాసి, అవుట్‌ను ఒత్తి పలకాలి. ఆ స్థితికి పేరుగా వాడినప్పుడు కలిపి ఒకే మాటగా రాసి, బర్న్‌ను ఒత్తాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రాల్లో మధ్యలో చిన్న గీత కూడా కనిపిస్తుంది.

జ్వరం దగ్గర మాత్రం తడబడ్డాను. ఒళ్ళు కాలిపోతోందనడానికి ఇంగ్లిషులోనూ బర్నింగ్ అప్ అంటారు. "మేడమ్, ఏమీ మిగలకపోతేనే కదా అప్?" అని ఒక అబ్బాయి అడిగాడు. జ్వరంలో అది వేడి తీవ్రతను చెబుతుంది, ఇంకా జరుగుతూ ఉన్నట్లే వాడతారని చెప్పాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు.

"పాపం" అని రాసిన అమ్మాయి మూడో వాక్యం మళ్ళీ రాసింది: "పదేళ్ళు రాత్రింబగళ్ళు పనిచేసిన డాక్టరు సత్తువ ఉడిగి వేసారిపోయాడు." "పాపం" కొట్టేయాలా అని అడిగింది. ఉంచమన్నాను.

వనపర్తి అభ్యర్థి

చివరిగా ఒకటి. భూతకాలంలో బర్న్‌డ్ రాయాలా, బర్న్ట్ రాయాలా? పరీక్షలో ఏది తప్పు పడుతుంది?

నల్లగొండ పెద్ద మాస్టారు

రెండూ ఒప్పే. అమెరికావాళ్ళు క్రియకు బర్న్‌డ్ ఎక్కువగా రాస్తారు, బ్రిటిష్‌వాళ్ళు రెండూ రాస్తారు. మాడిన రొట్టె అన్నట్లు విశేషణంగా వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ బర్న్ట్ వైపే మొగ్గుతారు. ఒకే జవాబుపత్రంలో క్రియకు ఒకచోట అది, ఒకచోట ఇది రాయకు.